గ్యాస్ బావి దగ్గరున్నాను

ఢాం!

తుపాకీ!

వేట కోసం చెట్టెక్కుతున్న లైల్ బ్రూబేకర్ మధ్యలో ఆగిపోయాడు. ఒక కాలు చెట్టుకి బిగించిన ఇనుప మెట్టు మీద. ఇంకో కాలు గాలిలో.

తెల్లవారడానికి ఇంకా గంట పైనే ఉంది. ఈ వారాల్లో ఈ అడవిలో తుపాకీ పేలకూడదు. ఇది బాణాల సీజన్. జింకని కొట్టాలంటే విల్లుతోనే కొట్టాలి. అదీ చీకట్లో కాదు.

మరి ఆ మోత?

కింద నూట యాభై గజాల దూరంలో కంకర రోడ్డు. రోడ్డు మీద రెండు ట్రక్కులు. ఒకదాని మీద పెద్ద ఫోకస్ లైటు. ఆ వెలుగులో ఒక మనిషి. గోధుమ రంగు కోటు. నల్ల టోపీ. చేతిలో రైఫిల్.

అతని కాళ్ళ దగ్గర ఇంకో మనిషి.

యూనిఫారం!

ఆడమనిషి. పాకుతోంది... మోచేతుల మీద పాకుతోంది!

కోటు మనిషి తొందరపడటం లేదు. వంగి ఆమె నడుము దగ్గరి పిస్తోలు లాక్కున్నాడు. భుజానికున్న రేడియో పీక్కున్నాడు. జేబులో వేసుకున్నాడు. తర్వాత రైఫిల్ ఆమె తలకి ఆనించాడు.

"ఆఁ..."

అది లైల్ నోట్లోంచే వచ్చింది. మాట కాదు. కేక కూడా కాదు. గొంతు తనంతట తానే చేసిన చప్పుడు.

అది చాలు!

కోటు మనిషి తల తిప్పాడు. కొండ వైపు చూశాడు. చెట్టు వైపు చూశాడు. సూటిగా లైల్ వైపే చూశాడు.

ఎలా కనిపించాను?

అప్పుడు గుర్తొచ్చింది... నుదుటి మీద కట్టుకున్న లైటు! వెలుగుతూనే ఉంది!

ఢాం!

చెంప పక్కన బెరడు పేలింది. చెక్క ముక్కలు కంట్లో పడ్డాయి. లైల్ చేతులు వదిలేశాడు.

రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. ఆకుల మీద. వీపు మీద. ఊపిరి ఆగిపోయింది.

లే... లే!

లైటు పీకి పారేశాడు. చెట్టు మొదట్లో తాడుకి కట్టిన విల్లు చేతికి తగిలింది. తాడు కోసి విల్లు పట్టుకుని, పైకి, చీకట్లోకి పరుగెత్తాడు.

వెనక నుంచి గొంతు.

"ఏయ్! ఎవడ్రా అది? ఆగు! మాట్లాడుకుందాం!"

*

ఎటు?

అదే తెలియదు. ఎటు వెళ్ళాలో లైల్‌కి తెలియదు!

ఇరవయ్యారేళ్ళు ఒకే చోట వేటాడాడు లైల్. ఇంటికి రెండు మైళ్ళలో, మొక్కజొన్న పొలాల మధ్య ఒక చిన్న తోపు. దాని యజమాని ముసలాయన లైల్‌ని ఎప్పుడూ కాదనలేదు. ఆ తోపులో కళ్ళకి గంతలు కట్టినా ఏ చెట్టు ఎక్కడుందో చెప్పగలడు. పోయిన వసంతంలో ముసలాయన చనిపోయాడు. వేసవికల్లా తోపు కొట్టేశారు. ఇప్పుడక్కడ మోళ్ళు కూడా లేవు.

"ప్రభుత్వ అడవికి వెళ్ళరాదూ?" అంది భార్య నోరీన్. "లైసెన్సున్న ఎవరైనా వెళ్ళొచ్చుగా. యాభై ఒక్కేళ్ళొచ్చాయి, ఇంకా ఆ తోపు కోసం ఏడుస్తూ కూర్చుంటావా?"

అందుకని ఓహియో రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు గంటలు నడుపుకుంటూ నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చాడు. ట్రక్కులోనే పడుకున్నాడు. ఫోన్లో మ్యాపు చూస్తే సులువుగానే అనిపించింది. ఆకుపచ్చ మచ్చ. మధ్యలో వేలంత లోయ.

ఇది వేలు కాదు!

నిటారు కొండ. ఎక్కితే ఇంకో కొండ. దిగితే లోయ. ఆ లోయ ముందటి లోయలాగే ఉంది. పొలాల్లో పుట్టిన మనిషికి కొండ అంటేనే తెలియదు. కాలు జారుతోంది. రాళ్ళు దొర్లుతున్నాయి. ప్రతి రాయీ అతని జాడ అరిచి చెబుతోంది.

ఆగి విన్నాడు. తన గుండె తప్ప ఏమీ వినిపించలేదు.

తర్వాత... కింద నుంచి... తాపీగా, ఇరుగుపొరుగు వాళ్ళని పలకరిస్తున్నట్టు...

"ఏయ్, బాణాలాయనా!"

లైల్ నేలకి అతుక్కుపోయాడు.

"పార్కింగ్‌లో ఉన్న ట్రక్కు నీదేగా! ఒక్కటే ఉంది మరి! వెనకద్దం మీద మీ ఊరి స్కూలు ఫుట్‌బాల్ స్టిక్కర్ కూడా అంటించుకున్నావ్! ఎక్కడుంటావో నువ్వే చెప్పేశావుగా!"

నవ్వు. పొడి నవ్వు.

"నువ్వేం చూళ్ళేదు! నేనేం చెయ్యలేదు! కిందకి రా, ట్రక్కెక్కు, ఇంటికి పో! మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది!"

లైల్ కళ్ళు మూసుకున్నాడు. సిగ్గుపడాల్సిన విషయమే అయినా నిజం... ఒక్క క్షణం వెళ్ళిపోదామనిపించింది. చేతులెత్తి, నేనేం చూళ్ళేదని చెప్పి, ట్రక్కెక్కి, నాలుగు గంటలు నడిపి, వంటింట్లో నోరీన్ పక్కన కూర్చుని కాఫీ తాగాలనిపించింది.

కానీ వాడు చంపకుండా వదలడు. ఆ సంగతి గొంతులోనే తెలుస్తోంది.

లైల్ కాళ్ళకి చెప్పుల్లేనట్టు మెల్లగా అడుగులేస్తూ పక్కకి జరిగాడు. మడమ ముందు. తర్వాత వేళ్ళు. జింక దగ్గరికి వెళ్ళే నడక. ఆ ఒక్కటే అతనికి చేతనైన పని.

*

వెలుతురు వచ్చింది. కానీ ఏం లాభం?

పొగమంచు!

లోయ నిండా పాలు పోసినట్టుంది. ఇరవై అయిదు గజాల అవతల చెట్లు లేవు. అసలు ఏమీ లేదు.

ఫోన్ తీశాడు. సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. మ్యాపులో నీలం చుక్క ఒకసారి ఈ వాగు మీద, ఒకసారి ఆ కొండ మీద గెంతుతోంది.

ఎడమకే తిరుగుతున్నాననుకున్నాడు. తిరిగి తిరిగి ఒక వాగు ఒడ్డుకి చేరాడు. అవతల మసగ్గా కంకర రోడ్డు కట్ట.

అదే రోడ్డు! గంటసేపు పరుగెత్తి మొదలుపెట్టిన చోటికే వచ్చాడు!

ఏడవాలనిపించింది. వంగి మోకాళ్ళు పట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది.

ఓక్ ఆకు మీద ఒక చుక్క.

రక్తం!

వేలితో తాకాడు. రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. ముదురు ఎరుపు. నురగ లేదు. ఊపిరితిత్తులు కాదు... కాలేయం. లేదా కడుపు. జింకైతే ఆరు గంటలు వదిలెయ్యాలి. వెంటపడకూడదు. ఎక్కడో పడుకుని నెమ్మదిగా చచ్చిపోతుంది.

రెండడుగుల అవతల ఇంకో చుక్క. తర్వాత బురదలో ఐదు వేళ్ళ గుర్తు.

మనిషి చెయ్యి!

లైల్‌కి ఈ కొండలు తెలియవు. ఈ చెట్లు తెలియవు. కానీ రక్తం జాడ తెలుసు. వంగి, ఆకు ఆకూ చూసుకుంటూ వాగు వెంట నడిచాడు. అరవై గజాలు. డెబ్బై. పెద్ద బండ. బండ కింద గుహలాంటి ఖాళీ.

"ఇంకో అడుగు వేశావంటే పొడిచేస్తా!"

ఆడ గొంతు. చేతిలో చిన్న మడత కత్తి.  ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ముఖం కాగితంలా పాలిపోయింది. నడుము నుంచి మోకాలి దాకా యూనిఫారం నల్లగా తడిసిపోయి ఉంది.

"నేను వాణ్ణి కాదు మేడమ్. చెట్టు మీదున్న మనిషిని. నా పేరు లైల్."

ఆమె కత్తి దించలేదు.

"ఆ లైటు నీదేనా?"

"నాదే."

"దాని వల్లే బతికాను." పెదవి కొరుక్కుంది. "ఇప్పటి వరకూ."

ఆమె పేరు మార్లా స్టిడమ్. వేట చట్టాలు చూసే ఆఫీసర్. వాడు లైల్ వెంటపడగానే రోడ్డు మీంచి దొర్లి ఇంత దూరం పాకింది.

లైల్ మెడలోని ఉన్ని మఫ్లర్ తీసి గాయంలో కుక్కాడు. పైనుంచి బెల్టు బిగించాడు. ఆమె అరవలేదు. తన చొక్కా చేతిని నోట్లో కుక్కుకుంది.

"ఎవడు వాడు?"

"వర్జిల్ కూన్స్. రాత్రిళ్ళు లైటేసి కొమ్ముల కోసం జింకల్ని కొడతాడు. మాంసం రోడ్డు పక్కనే పారేస్తాడు. రెండుసార్లు పట్టుకున్నా. మళ్ళీ దొరికితే జైలే అన్నాడు జడ్జి." కళ్ళు మూసుకుంది. "వాడి కూతురికి తుపాకీ జాగ్రత్తలు నేర్పింది నేనే. పన్నెండేళ్ళ పిల్ల. ఇవాళ 'గుడ్ మార్నింగ్ మార్లా' అన్నాడు వాడు. అని కాల్చాడు."

"మిమ్మల్ని మోసుకెళ్తాను."

"ఎక్కడికి?"

 అయినా భుజాల కింద చేతులు వేసి లేపబోయాడు. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం విని వెంటనే దించేశాడు.

"వద్దు... లోపల ఏదో తెగింది. కదిపితే పోతాను."

"అయితే ఫోన్ చేస్తాను. సిగ్నల్ ఎక్కడొస్తుంది?"

"కొండ పైన. నెత్తి మీద. పాత గ్యాస్ బావి ఉంది. తుప్పు పట్టిన ట్యాంకు కనిపిస్తుంది. అక్కడ ఒక గీత వస్తుంది." అతని మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. "కానీ విను. నా రేడియో వాడి దగ్గరుంది. నువ్వు ఫోన్లో ఏం చెప్పినా వాళ్ళు రేడియోలో చెప్పుకుంటారు. నేనిక్కడున్నానని చెప్పావంటే వాడికీ చెప్పినట్టే."

"పోలీసులు రావడానికి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"వాడికి?"

"పది."

 వాగు గలగలమంటోంది.

"మరెలా చెప్పను?"

"తెలీదు." ఆమె కంటి చివర నీళ్ళు. "నిజంగా తెలీదు, లైల్."

అప్పుడే... పొగమంచులో, రోడ్డు వైపు నుంచి...

"మార్లా! మార్లా తల్లీ! ఎక్కడ దాక్కున్నావ్? రక్తం బాగానే పోతోందే!"

వాడు జాడ పట్టేశాడు!

ఆకులు కరకరలాడుతున్నాయి. డెబ్బై గజాలే! అంతకన్నా లేదు!

లైల్ లేచాడు. విల్లు తీసుకున్నాడు. మార్లా విల్లు వైపు చూసింది. తర్వాత అతని ముఖం చూసింది.

"మనిషిని కొట్టగలనని అనుకోకు. నీ వల్ల కాదు."

"ముప్ఫై ఏళ్ళుగా జింకల్ని కొడుతున్నా."

"అది వేరు!"

"మీరు మాట్లాడకండి. రక్తం పోతుంది."

బండ వెనక నుంచి పాకి, యాభై గజాలు పక్కకి జరిగి, ఒక్కసారిగా లేచి పరుగెత్తాడు లైల్. కావాలనే కొమ్మలు విరిచాడు. కావాలనే రాళ్ళు దొర్లించాడు. కావాలనే కేకేశాడు.

"ఒరేయ్ వర్జిల్! ఇక్కడున్నాన్రా!"

ఢాం!

పక్కనే ఆకులు ఎగిరాయి.

ఢాం!

కొండకి అడ్డం పడి ఎక్కుతున్నాడు. చేతులతో చెట్ల వేళ్ళు పట్టుకుని, మోకాళ్ళతో, గడ్డంతో. యాభై ఒక్కేళ్ళ గుండె నోట్లోకి వచ్చేస్తోంది. వెనక బూట్ల చప్పుడు. దగ్గరికి. ఇంకా దగ్గరికి.

తర్వాత లేదు.

ఆగాడు. విన్నాడు.

ఏమీ లేదు. పొగమంచు వాణ్ణి మింగేసింది.

ఎక్కడికి పోయాడు? నా వెనకే ఉన్నాడా? లేక మళ్ళీ రక్తం జాడకే...

మార్లా!

*

తుప్పు పట్టిన ట్యాంకు. విరిగిన పంపు. చుట్టూ ఎండుగడ్డి.

ఫోన్లో ఒక గీత.

ఒకే ఒక్కటి!

"ఎమర్జెన్సీ. చెప్పండి." ఆడ గొంతు. నిద్రలేని గొంతు.

 చెప్పాల్సింది ఒకటే మాట. వాగు పక్కన బండ కింద. ఆ మాట చెబితే పది నిమిషాల్లో వాడక్కడుంటాడు.

"గ్యాస్ బావి దగ్గరున్నాను," అన్నాడు. "కొండ పైన. పాత గ్యాస్ బావి. ఆఫీసర్ మార్లా స్టిడమ్ నాతోనే ఉంది. తూటా తగిలింది."

"మార్లాకా? దేవుడా..." గొంతు ఒక్క క్షణం మామూలు మనిషి గొంతయింది. వెంటనే సర్దుకుంది. "ప్రాణం ఉందా సార్?"

"ఉంది. మాట్లాడుతోంది. కాల్చింది వర్జిల్ కూన్స్. అన్నీ చెబుతోంది. నేను రాసుకుంటున్నాను."

రా! వినరా! ఇక్కడికి రా!

"మీ ఫోన్ ఎక్కడుందో మాకు సరిగ్గా తెలియట్లేదు. మూడు మైళ్ళ పరిధి చూపిస్తోంది. గ్యాస్ బావి దగ్గరే అంటున్నారు, కదూ?"

"అవును. గ్యాస్ బావి."

"లైన్లోనే ఉండండి సార్. మావాళ్ళు బయల్దేరుతున్నారు. ఈలోగా దగ్గర్లో ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను. ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి, నేను మళ్ళీ..."

పెట్టేశాడు.

ఫోన్ మోగిందంటే చచ్చినట్టే. బటన్ నొక్కి పట్టాడు. తెర నల్లబడింది.

ఇప్పుడు రెండు దారులున్నాయి. వాడు ఇక్కడికొచ్చేలోగా వేరే వైపు దిగి, మార్లా దగ్గరికి వెళ్ళి, పోలీసులొచ్చేదాకా ఆమె పక్కన కూర్చోవడం.

లేదా...

కానీ ఏ వైపు దిగాలి? ఈ పొగలో మళ్ళీ దారి తప్పితే? దిగుతుండగా వాడే ఎదురైతే? ఎంత ఆలోచించినా చివరికి బండ కింద ఆ పాలిపోయిన ముఖమే, దాని మీద రైఫిలే కనిపిస్తోంది.

లైల్ ట్యాంకు వెనక మోకాలి మీద కూర్చున్నాడు. విల్లుకున్న అమ్ములపొదిలో మూడు బాణాలే మిగిలాయి, మిగతావి పరుగులో జారిపోయాయి. ఒకటి తీశాడు. ముందు మూడు బ్లేడ్లు. నిన్ననే పదును పెట్టాడు. నారికి ఎక్కించాడు.

పంపు దగ్గరికి కాలిబాట. దూరం కొలిచే యంత్రం కంటికి పెట్టుకున్నాడు. ఇరవై రెండు గజాలు.

ఇరవై రెండు గజాల్లో ముప్ఫై ఏళ్ళుగా ఎప్పుడూ గురి తప్పలేదు.

*

పది నిమిషాలు.

ఎవరూ రాలేదు.

పదిహేను. వేళ్ళు మొద్దుబారాయి. చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టాడు.

ఇరవై. కింద నుంచి తుపాకీ మోత వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాడు. వినిపిస్తే మార్లా అయిపోయినట్టే. వినిపించలేదు. అయినా నమ్మకం కలగలేదు. తుపాకీయే ఎందుకు? కత్తి చాలు. చెయ్యి చాలు. ఆమె ఒంట్లో అసలేం మిగిలిందని?

ముప్ఫై.

ఆకుల చప్పుడు!

పొగమంచు చీలింది. అందులోంచి... మగ జింక!

పన్నెండు గజాలు. మెడ లావుగా, దుంగలా. కొమ్ములు పది శాఖలు. లైల్ తన బతుకులో ఇంత జింకని చూడలేదు. ముక్కులోంచి ఆవిరి. నల్లటి తడి కన్ను. దీని కోసమే కదా నాలుగు గంటలు నడుపుకుంటూ వచ్చింది.

విల్లు ఎత్తలేదు. పో, అనుకున్నాడు. ఇక్కణ్ణించి పో.

జింక హఠాత్తుగా తల తిప్పింది. వెనక్కి, బాట వైపు చూసింది. తోక తెల్లగా లేచింది. ఒక్క గెంతు... లేదు!

ఎవరో వస్తున్నారు!

అడుగులు. నెమ్మదిగా. జాగ్రత్తగా. ఒక అడుగు... ఆగడం... ఇంకో అడుగు.

గోధుమ రంగు కోటు!

రైఫిల్ ఛాతీకి అడ్డంగా పట్టుకుని వస్తున్నాడు. పిలవడం లేదు. వంగి నడుస్తున్నాడు. ఒక కాలు కుంటుతోంది. కొండ ఎక్కుతూ పడి ఉంటాడు. ముఖం టోపీ కింద. పొగలో మనిషంతా బూడిద రంగు మరక.

పోలీసు కాదు. పోలీసులైతే ఇద్దరు ముగ్గురొస్తారు, కేకలేస్తారు, యూనిఫారాలుంటాయి.

అతని కోటు జేబులో గరగరమంది.

"...వర్జిల్..."

రేడియో! మార్లా రేడియో! వాణ్ణే పిలుస్తున్నారు, లొంగిపొమ్మని!

కోటు మనిషి చప్పున జేబులో చెయ్యి పెట్టాడు. దాని గొంతు నొక్కేశాడు.

లైల్ నారి లాగాడు.

చెంపకి ఆనించాడు. పిడికిలి వణకడం లేదు. అదే ఆశ్చర్యం. లోపల అంతా చచ్చిపోయినట్టు నిశ్శబ్దంగా ఉంది.

మనిషి నడుస్తూనే ఉన్నాడు. నడిచే దాన్ని కొట్టకూడదు. ఆపాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు... లైల్ పెదవుల మధ్య నుంచి సన్నగా జింక చేసే శబ్దం చేశాడు.

"మ్హ్..."

మనిషి ఆగాడు. పక్కకి తిరిగాడు.

వదిలేశాడు.

ధప్!

బోలు గుమ్మడికాయ మీద గుద్దినట్టు. ఆ శబ్దం లైల్‌కి తెలుసు. దాని అర్థమూ తెలుసు. రెండు ఊపిరితిత్తులూ.

మనిషి పడలేదు. రైఫిల్ జారింది. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఇటూ అటూ చూశాడు. నాలుగు అడుగులు వేశాడు. పంపుని పట్టుకుని, దాని వెంట మెల్లగా జారి కూర్చున్నాడు.

టోపీ ఊడిపోయింది.

తెల్ల జుట్టు.

లైల్ రెండో బాణం ఎక్కించి లేచాడు. "కదిలితే కొడతా! చేతులు చూపించు!"

ముసలాయన చేతులు చూపించాడు. రెండూ. ఎర్రగా ఉన్నాయి.

"బాబూ..." పెదవుల మీద గులాబీ రంగు నురగ. "ఫోన్ చేసింది... నువ్వేనా?"

లైల్ కాళ్ళు ఆగిపోయాయి.

వర్జిల్ ముఖం తను ఎప్పుడూ చూడలేదు. చీకట్లో కోటు చూశాడు, పల్లెల్లో సగం మంది వేసుకునే కోటు. టోపీ చూశాడు. గొంతు విన్నాడు.

ఇది ఆ గొంతు కాదు!

"ఎవరు... ఎవరు నువ్వు?"

"ఎల్బర్ట్... ఎల్బర్ట్ నూనన్. కొండ కింద... మొదటి ఇల్లు నాదే." ఒక్కో మాటకి ఛాతీలో గాలి బుడగలు చిట్లుతున్నాయి. "మార్లా కన్నా ముందు... ఆ పని నాదే. రిటైరయ్యా. పని నేర్పింది నేనే దానికి. నా పాత రేడియోలో పిలిచారు. దగ్గర్లో ఉన్నది నేనేగా..."

విల్లు కింద పడింది. లైల్ మోకాళ్ళ మీద కూలాడు. రెండు అరచేతులూ గాయం మీద నొక్కాడు. వేళ్ళ మధ్య నుంచి వెచ్చగా ఉబికివస్తోంది. ఇంకా గట్టిగా నొక్కాడు. వెనక కూడా ఉంది. బాణం అవతలికి పోయింది. చేతులు రెండే ఉన్నాయి!

"క్షమించండి... అయ్యో... క్షమించండి సార్..."

"మార్లా ఏది?" ముసలాయన కళ్ళు వెతుకుతున్నాయి. "ఇక్కడే ఉందన్నావుగా."

"లేదు. కింద ఉంది. వాగు పక్కన. బండ కింద."

"మరి... చెప్పవేం..."

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. జవాబు కోసం లైల్ ముఖంలోకి చూశాడు. వేళ్ళు జేబు దాకా వెళ్ళాయి. రేడియో బయటికి తీశాయి. గొంతు పెంచే గుండ్రటి మీట తిప్పాయి. బటన్ మీద బొటనవేలు పెట్టాడు.

మాట రాలేదు.

లైల్‌కి లెక్క తెలుసు. జింకకైతే పది సెకన్లు. మనిషికి ఇంకొంచెం. ఎప్పుడూ దూరం నుంచి, చెట్టు మీంచి చూసేవాడు. ఇంత దగ్గర నుంచి, కళ్ళలోకి చూస్తూ, ఎప్పుడూ లేదు.

బొటనవేలు జారిపోయింది.

రేడియో గడ్డిలో పడింది. పడి గరగరమంది. ఫోన్లో విన్న అదే ఆడ గొంతు.

"ఎల్బర్ట్? ఎల్బర్ట్, వినిపిస్తోందా? ఇందాకట్నుంచి పిలుస్తున్నా. వర్జిల్ దొరికాడు! రోడ్డు మొదట్లో. నువ్వు కొండెక్కుతుండగానే. ఆ ఫోన్ మాట రేడియోలో వినగానే భయపడి ట్రక్కెక్కి పారిపోబోయాడట. రైఫిల్ పారేసి చేతులెత్తాడు. అంతా అయిపోయింది. నువ్విక మెల్లగా నడువు, ఆ కాలితో పరుగులు పెట్టకు."

గరగర.

"ఎల్బర్ట్?"

పొగమంచు పలచబడుతోంది. కొండలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. కింద రోడ్డు, వాగు, బండ... అన్నీ ఇక్కడి నుంచి కనిపిస్తున్నాయి. ఎంత దగ్గరో.

లైల్ తడి చేత్తో రేడియో తీసుకున్నాడు. బటన్ నొక్కాడు.

"మార్లా... గ్యాస్ బావి దగ్గర లేదు. వాగు పక్కన పెద్ద బండ కింద ఉంది. రోడ్డు నుంచి డెబ్బై గజాలు. తొందరగా వెళ్ళండి. ప్రాణం ఉంది. నేను చూసినప్పుడు ఉంది."

"మీరేనా సార్, ఫోన్ చేసింది? అయ్యో, ఎంత భయపడ్డారో పాపం. మావాళ్ళు రోడ్డు మీదే ఉన్నారు, ఇప్పుడే పంపిస్తాను. మీరు బాగున్నారా? ఎల్బర్ట్ మీ దగ్గరికి చేరాడా?"

లైల్ ముసలాయన ముఖం చూశాడు. కళ్ళు ఇంకా జవాబు అడుగుతూనే ఉన్నాయి.

"చేరాడు."

"హమ్మయ్య! ఒక్కసారి రేడియో ఆయనకివ్వండి సార్."